వడ్రంగం – మీ ప్రశ్నలు: అతికిన పలక దోనె తిరిగితే

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేసి గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. మా పాత పెంకుటిల్లు విప్పినప్పుడు దక్కిన టేకు తలుపు చెక్కలతో మనవరాలికి చదువుకునే బల్ల చేద్దామని మొదలుపెట్టాను. అంగుళం మందం, అయిదంగుళాల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న అయిదు చెక్కలను అంచుకు అంచు చేర్చి, ఫెవికాల్ రాసి, మూడు బార్ క్లాంపులతో (కడ్డీ మీద జరిగే దవడలతో చెక్కలను నొక్కి పట్టే బిగింపులు) బలమంతా పెట్టి బిగించాను. మర్నాడు విప్పి చూస్తే రెండో చెక్కకూ మూడో చెక్కకూ మధ్య మెట్టులా ఎత్తు తేడా ఉంది. మధ్య అతుకులో ఒకచోట దారం దూరేంత సందు మిగిలింది. తొందరపడి చిత్రిక పట్టకూడదని పలకను డాబా మీద గచ్చుపై పరిచి వారం ఆగితే, ఈలోగా అది దోనెలా వంగిపోయింది. క్లాంపులు అతిగా బిగించడం వల్ల జిగురంతా బయటికి పోయి ఇలా అయిందని మా వీధి వడ్రంగి అంటున్నారు. తప్పు ఎక్కడ జరిగింది? సందును రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడిస్తే సరిపోతుందా?

జవాబు: మీరు రాసిన లోపాలు మూడు, వాటి కారణాలు కూడా మూడు. మీ వడ్రంగి చెప్పిన కారణం మాత్రం వాటిలో లేదు. అది చాలామంది నమ్మే మాటే కనుక ముందు దాన్ని లెక్క వేసి చూద్దాం. టేకు లాంటి గట్టి కలప అతుకు మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 12 నుంచి 17 కిలోల ఒత్తిడి ఉండవచ్చునని కొయ్యపని గ్రంథాలు చెబుతాయి. మీ చెక్కల అతుకు ఒక్కొక్కటి నాలుగడుగుల పొడవు, అంగుళం మందం. అంటే సుమారు 300 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. ఆ లెక్కన కనీసం మూడున్నర టన్నుల బలం కావాలి. చేత్తో తిప్పి బిగించే బార్ క్లాంపు ఒకటి మూడు నాలుగు వందల కిలోలకు మించి నొక్కడం అరుదు. మీ మూడు క్లాంపులూ కలిసి ఎంత నొక్కినా టన్నుకు అటూ ఇటూగానే ఉంటుంది. కాబట్టి జిగురు అంతా బయటికి పోయేంత ఒత్తిడి మీ పలక మీద పడనేలేదు. అతుకులో జిగురు తక్కువై విడిపోయిందంటే అసలు రాసినదే పలచగా ఉండటమో, చెక్కలు కలపకముందే జిగురు మీద పొర కట్టడమో కారణం.

అతిగా బిగించడం వల్ల వచ్చే నష్టం వేరే ఉంది. అంచులు తిన్నగా లేని చెక్కలను క్లాంపుతో దగ్గరికి లాగితే అవి ఆ క్షణానికి లొంగినట్టే కనిపిస్తాయి. కానీ విప్పిన తరువాత చెక్క తన పాత వంపుకే తిరిగి పోవాలని చూస్తుంది, ఆ లాగుడును అతుకు ఏళ్ల తరబడి మోయవలసి వస్తుంది. క్లాంపు పని జిగురు ఆరేదాకా చెక్కలను కదలకుండా పట్టి ఉంచడమే, సందులు మూయడం కాదు. జిగురు లేకుండా పొడిగా చెక్కలను పక్కపక్కన పెట్టి, వాటి వెనుక దీపం ఉంచి చూసినప్పుడు వెలుతురు కనిపించని అంచులైతేనే జిగురు డబ్బా మూత తీయాలి. మీ మధ్య అతుకులోని సందు క్లాంపు తప్పు కాదు. అక్కడ చిత్రిక పని మిగిలిపోయింది.

అంచులు సరిచేయడానికి పాత వడ్రంగులు పాటించే ఒక సులువైన పద్ధతి ఉంది. పక్కపక్కన రావలసిన రెండు చెక్కలను పుస్తకం మూసినట్టు ముఖానికి ముఖం చేర్చి, రెండు అంచులూ పైకి వచ్చేలా పట్టుచట్రంలో (వైస్‌లో) బిగించి, రెండింటికీ ఒకేసారి చిత్రిక పట్టాలి. చిత్రిక కొంచెం పక్కకు ఒరిగి ఒక అంచు 88 డిగ్రీలకు వచ్చిందనుకోండి, రెండోది 92 డిగ్రీలకు వస్తుంది. పుస్తకం తెరిచినట్టు చెక్కలను పరిస్తే ఆ రెండు తప్పులూ ఒకదానికొకటి చెల్లిపోయి పలక చదునుగానే నిలుస్తుంది. మూలమట్టంతో ఒక్కో అంచూ 90 డిగ్రీలకు తేవాలని గంటలు గంటలు తంటాలు పడేవారికి ఈ పద్ధతి ఎంత ఊరటో చేసి చూస్తేనే తెలుస్తుంది. విడివిడిగా చిత్రిక పట్టినప్పుడు అతుకుకు ఒక్క డిగ్రీ తప్పినా, నాలుగు అతుకులకు నాలుగు డిగ్రీలై పలక ఆ మేరకు వంగుతుంది. పొడవు విషయంలో మాత్రం అంచు నడిమి భాగం రెండు కాగితాల మందమంత లోతుగా ఉంటే మంచిది. కాలక్రమంలో చెక్క కొనలు త్వరగా ఆరి ముడుచుకుంటాయి కనుక, అతుకు కొనల దగ్గర ముందే బిగువుగా ఉండటం మేలు చేస్తుంది. ఇంతకు మించిన లోతు వద్దు.

మీది పాత తలుపు చెక్క కనుక రెండు జాగ్రత్తలు అదనంగా చెప్పాలి. మొదటిది, చిత్రిక పట్టకముందు అయస్కాంతంతో చెక్క అంతా తడిమి చూడండి. విరిగి లోపల మిగిలిన మేకు ముక్క ఒక్కటి చాలు, చిత్రిక బ్లేడు అంచు విరగడానికి. రెండోది, టేకులో సహజంగానే జిడ్డు ఉంటుంది, ఏళ్ల నాటి పాలిష్, దుమ్ము దానికి తోడవుతాయి. ఆ పాత ముఖం మీద ఏ జిగురూ సరిగా పట్టదు. కొత్తగా చిత్రిక పట్టిన అంచును అదే రోజు అతికించాలి, రెండు రోజులు ఆగవలసి వస్తే మళ్లీ ఒక పలచని పొర తీయాలి. కొందరు థిన్నర్‌తో తుడుస్తారు, దానివల్ల లాభమే గాని నష్టం లేదు. అయితే తాజా చిత్రికకు అది సాటి రాదు.

ఇక ఎత్తు తేడా సంగతి. తడి జిగురు సబ్బులా జారుతుంది కనుక క్లాంపు తిప్పిన ప్రతిసారీ చెక్కలు పైకో కిందికో జరుగుతాయి. అయిదు చెక్కలను ఒకేసారి అతికిస్తే నాలుగు అతుకులను ఏకకాలంలో అదుపు చేయాలి, మన ఎండలకు అది సాధ్యమయ్యే పని కాదు. ఫెవికాల్ రకపు జిగురు తనలోని నీటిని చెక్కకూ గాలికీ వదిలి గట్టిపడుతుంది. గది చల్లగా ఉన్నప్పుడు పరిచిన జిగురు పది నిమిషాల దాకా పచ్చిగా ఉంటే, గుంటూరు వేసవిలో ఫ్యాను కింద అందులో సగం సమయం కూడా దొరకదు. అందుకని రెండు, మూడు చెక్కలుగా విడదీసి ముందు చిన్న పలకలు చేసుకొని, మర్నాడు ఆ రెంటినీ కలపండి. తెల్లవారుజామున, ఫ్యాను ఆపి చేయండి. జిగురును రెండు అంచులకూ పళ్లున్న ప్లాస్టిక్ ముక్కతోనో పాత టూత్ బ్రష్‌తోనో ఎక్కడా పొడిచోటు మిగలకుండా పరచండి. ఒక్క అంచుకు రాసి రెండోదాన్ని దానికి తగిలించి వదిలేసేవారే ఎక్కువ, అది పొదుపు కాదు. బిగించినప్పుడు అతుకు పొడవునా ఆవగింజలంత చుక్కలు వరుసగా పైకి వస్తే కొలత కుదిరినట్టు.

చెక్కల ముఖాలు ఒకే మట్టాన నిలవడానికి అడ్డపట్టీలు వాడాలి. రెండంగుళాల గట్టి బద్దలను పలక పైనా కిందా అడ్డంగా పెట్టి, వాటి కొనలను సి-క్లాంపులతో బిగిస్తే చెక్కలు తప్పించుకోలేవు. బద్ద లోపలి అంచు నడిమి భాగం ఒక మిల్లీమీటరు ఉబ్బెత్తుగా చిత్రిక పడితే, కొనలు బిగించినప్పుడు మధ్య చెక్కల మీద కూడా ఒత్తిడి పడుతుంది. చదునైన బద్ద మధ్యలో తేలిపోతుంది. బద్దలకు ప్లాస్టిక్ టేపు అంటించడం మరిచిపోకండి. మరిచిపోయి ఒక బద్దను పలకలో శాశ్వత సభ్యుణ్ణి చేసుకున్న అనుభవం నాకుంది. ముందు అడ్డపట్టీలను మామూలుగా బిగించి, తరువాత బార్ క్లాంపులు కొద్దికొద్దిగా తిప్పి, ప్రతి అతుకునూ గోటితో తడిమి చూసుకొని, ఆపైన రెండింటినీ గట్టి చేయాలి.

ఇప్పుడు అసలు బాధకు వద్దాం. విప్పినప్పుడు చదునుగా ఉన్న పలక వారంలో దోనె తిరిగిందంటే అంచుల కోణం కంటే పలకను పెట్టిన చోటునే ఎక్కువగా అనుమానించాలి. డాబా మీద పరిచిన చెక్కకు పైముఖానికి ఎండ, గాలి తగులుతాయి. కింది ముఖం గచ్చును అంటిపెట్టుకొని అందులోని చెమ్మతోనే ఉంటుంది. పైముఖం ఆరి ముడుచుకుంటే, ముడుచుకోని కింది ముఖం దాన్ని పైకి ఎత్తుతుంది. పలక అంచులు రెండూ ఆకాశం వైపు లేచి ఉంటే ఇదే కారణం. చిత్రికకు తొందరపడకుండా ఆగడంలో మీరు చేసింది సరైన పనే, ఎందుకంటే జిగురు నీటితో అతుకు పక్కన చెక్క ఉబ్బి ఉంటుంది. ఆ స్థితిలో నునుపు చేస్తే, నీరు ఆరిన తరువాత అతుకు వెంట సన్నని గాడి పడి పాలిష్ కింద స్పష్టంగా కనిపిస్తుంది. ఆగడం మంచిదే, పరిచి ఆగడమే పొరపాటు. అతికిన పలకను నీడలో గోడకు నిలువుగా ఆనించి గాని, సమాన మందం ఉన్న మూడు బద్దల మీద ఎత్తి గాని ఉంచితే రెండు ముఖాలకూ ఒకే గాలి తగులుతుంది.

వందేళ్ల నాటి చేవ ఇంకేం కదులుతుందని మీరు అనుకొని ఉండవచ్చు. చాలామంది అనుకుంటారు, కలప అడితిలోనూ అదే చెబుతారు. కొయ్య ఎంత పాతదైనా గాలిలోని తేమను బట్టి ఉబ్బడం, ముడుచుకోవడం మానదు. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే కొయ్యలో దాదాపు 9 శాతం నీరుంటుంది, గాలి తేమ 80 శాతమైతే అది 15, 16 శాతానికి చేరుతుంది. మీ బల్ల వెడల్పు రెండడుగుల పైచిలుకు. తేమలో నాలుగు శాతం తేడా వస్తే టేకు పలక ఆ వెడల్పులో రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీమీటర్ల దాకా మారుతుంది. చెట్టు వలయాలు చెక్క ముఖానికి నిలువుగా ఉంటే తక్కువ, అడ్డంగా ఉంటే ఎక్కువ. పొడవులో మార్పు లెక్కలోకి రాదు. అందుకే పై పలకను కాళ్ల చట్రానికి జిగురుతో అతికించకండి, మరలకు గుండ్రని బెజ్జాలు కాక పొడవాటి గాళ్లు తీసి బిగించండి. ఇది పట్టించుకోక దిగగొట్టిన బల్లలు ఎండాకాలంలో నడుమ చీలడం మనం చూస్తూనే ఉంటాం.

మీ పలకను ఇప్పటికిప్పుడు కోయవద్దు. లేచిన అంచులను కిందికి తిప్పి, అంటే బోర్లించి, నీడపట్టున బద్దల మీద పది పదిహేను రోజులు ఉంచండి. చెమ్మ సమమైతే వంపు చాలావరకు తానే దిగుతుంది. అయినా మిగిలితే బార్ క్లాంపులను గుర్తుచేసుకోండి. మూడింటినీ ఒకే వైపు, పలక కిందనే పెట్టి ఉంటే అవి కూడా వంపుకు చేయి వేసి ఉంటాయి. బిగించే కొద్దీ క్లాంపు కడ్డీ వంగుతుంది, దానితో పలకా వంగుతుంది. ఒకటి పైన, ఒకటి కింద చొప్పున మార్చి పెట్టాలి. క్లాంపు దవడ నొక్కే చోటు చెక్క మందానికి సరిగ్గా మధ్యలో పడాలి. కడ్డీకీ చెక్కకూ మధ్య కాగితం వేయండి, తడి జిగురులో ఇనుము తగిలితే టేకు, తుమ్మ వంటి కలప మీద నల్లని మరక పడుతుంది.

సందు మిగిలిన అతుకుకు మందు ఒకటే: రంపంతో ఆ అతుకు వెంట కోసి, రెండు అంచులకూ పైన చెప్పినట్టు జంటగా చిత్రిక పట్టి, మళ్లీ అతికించడం. పొట్టు, ఫెవికాల్ ముద్ద అక్కడ పనికిరాదు. కొండపల్లిలో బొమ్మల చేతులు, తలలు అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు గదా అని మీకు అనిపించవచ్చు. అక్కడి తెల్లపొణికి కొయ్య తేలిక, బొమ్మ బరువు మోయదు, మక్కు మీద రంగు పడుతుంది. మోచేతులు ఆనించి రాసుకునే బల్లకు ఆ ముద్ద నాలుగు నెలల్లో రాలిపోతుంది; రాలకపోయినా పాలిష్ వేసినప్పుడు జిగురు రంగు తాగదు కనుక తెల్లని చారగా మిగులుతుంది. అదే కారణంగా పైకి వచ్చిన జిగురు చుక్కలను తడి గుడ్డతో నలువైపులా పులమకుండా, అరగంట, ముప్పావు గంట ఆగి, రబ్బరులా సాగే స్థితిలో ఉలితో గీకి తీయండి.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో అద్దె ఇంటి వసారాలోనే నా వడ్రంగం. బార్ క్లాంపులు కొనే స్తోమత ఇప్పట్లో లేదు. అవి లేకుండా అడుగు వెడల్పు పలకలు అతకడం కుదురుతుందా? జిగురులో నీళ్లు కలిపితే బాగా పాకుతుందని ఒకరు చెప్పారు, నిజమేనా?

జవాబు: కుదురుతుంది. ఇనుప క్లాంపులు రాకముందు వజ్రం (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు) కాచి అతికిన తరాల వారు చేసినది ఇదే. చదునైన ప్లైవుడ్ ముక్క మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, ఒక పక్క తిన్నని బద్దను మరలతో బిగించండి. మీ చెక్కలను దానికి ఆనించి, అవతలి పక్క అంగుళం ఖాళీ వదిలి రెండో బద్దను బిగించండి. ఆ ఖాళీలో ఏటవాలుగా కోసిన రెండేసి చెక్క ముక్కలను ఎదురెదురుగా దూర్చి, సుత్తితో ఒకదాన్ని అటు నుంచి, ఇంకొకదాన్ని ఇటు నుంచి కొడితే అవి ఒకదాని మీద ఒకటి జారి చెక్కలను నొక్కుతాయి. ఏటవాలు ఆరంగుళాలకు అంగుళం ఉంటే చాలు, అంతకంటే నిటారుగా ఉంటే వెనక్కి జారతాయి. అడుగు పొడవుకు ఒక జత చొప్పున పెట్టుకోండి. నొక్కినప్పుడు పలక నడుమ పైకి లేచే ప్రమాదం ఉంది, అందుకని దాని మీద టేపు చుట్టిన బద్ద వేసి బరువు పెట్టండి. రెండు ఇటుకలు సరిపోతాయి.

పలక చిన్నదైతే పాత సైకిలు ట్యూబును రెండంగుళాల పట్టీగా కోసి, లాగుతూ చుట్టినా మంచి పట్టు వస్తుంది. గడ్డి బండి మీద మోకు వేసి కర్రతో మెలిపెట్టడం మీరు చూసే ఉంటారు. తాడు, కర్రతో అదే పని ఇక్కడా చేయవచ్చు గాని, అంచులు నొక్కుకుపోకుండా మూలల్లో అట్టముక్కలు పెట్టాలి.

నీళ్ల విషయంలో మీకు చెప్పినవారి మాట వినకండి. పలచబడిన జిగురు చెక్కలోకి ఇంకిపోయి అతుకు దగ్గర పొడిగా మిగులుతుంది, పైగా చెక్కను ఇంకా ఉబ్బిస్తుంది. డబ్బాలో చిక్కబడి తీగలు సాగుతున్న జిగురుకు నీళ్లు పోసి బతికించడం కంటే దాన్ని పారేయడమే చవక. మీ అతుకు మీద మీకు నమ్మకం కలగాలంటే, మిగిలిన తుండు ముక్కలను అదే పద్ధతిలో అతికి, ఒక రోజంతా ఆరనిచ్చి, సుత్తితో కొట్టి విరవండి. అతుకు పక్కన చెక్క చీలితే మీ పని బాగున్నట్టు. జిగురు గీత వెంట నున్నగా విడిపోతే అంచులోనో జిగురు పరచడంలోనో లోపం ఉన్నట్టు.

ప్రశ్న: విజయవాడ భవానీపురం నుంచి రాస్తున్నాను. కూరలు తరగడానికి మామిడి చెక్క ముక్కలు మూడు అతికించి పలక చేశాను. వంకర పోకుండా రెండు కొనలకూ అడ్డంగా పట్టీలు కూడా జిగురుతో అతికించాను. రెండు నెలలు కడిగి వాడేసరికి అతుకు విచ్చి, ఒక పట్టీ ఊడింది. ఏ జిగురు వాడాలి?

జవాబు: జిగురు కంటే ముందు ఆ పట్టీలు తీసేయండి. తడిసిన పలక అడ్డంగా ఉబ్బుతుంది, పట్టీ తన పొడవులో ఉబ్బదు. రెండింటినీ జిగురుతో కట్టేస్తే ఏదో ఒకటి తెగవలసిందే. పైగా చెక్క కొనకు జిగురు ఎప్పుడూ బలంగా పట్టదు, రంధ్రాలు దాన్ని పీల్చేస్తాయి. మామూలు తెల్ల జిగురు నీటికి మెత్తబడుతుంది, కాబట్టి డబ్బా మీద నీటికి తట్టుకుంటుందని రాసిన రకం తీసుకొని, పైన చెప్పినట్టు అంచులు కొత్తగా చిత్రిక పట్టి అతకండి. ఆ రకమైనా నానబెట్టడానికి కాదు. కడిగిన వెంటనే రెండు ముఖాలూ తుడిచి, వంటింటి గట్టు మీద పరవకుండా, గోడకు నిలబెట్టి ఆరనివ్వండి.